నడుముకు వంచిన బిళ్లలు

హన్మాండ్లు చేసిన ఇత్తడి బిళ్లలను బ్రిటన్‌లోని ఒక సంఘం తిరస్కరించింది. ఆ తిరస్కారం న్యాయమైనదే. అతని మీద అభిమానంతో ఈ సంగతిని మరోలా చెప్పుకునేవారు రియాద్‌లో ఇప్పటికీ కొందరున్నారు. తెల్లవాళ్లు పని చేయించుకొని ఎగ్గొట్టారని, నల్లచేతి పనిని చిన్నచూపు చూశారని వారి వాదం. అలా జరగలేదు. పనికి ఇవ్వవలసింది ఇచ్చారు, మెచ్చుకోవలసినది మెచ్చుకున్నారు. పొరపాటు వేరే చోట జరిగింది. అది ఎక్కడ జరిగిందో నాకు తెలిసినంతవరకు రాస్తాను. చూసినదాన్ని చూసినట్టుగా, విన్నదాన్ని విన్నట్టుగా వేరుచేసి చెబుతాను.

హన్మాండ్లు జగిత్యాల ప్రాంతపు కంచరి. ఆ ఇంటివారు తరతరాలుగా ఇత్తడిని కరిగించి పోత పోసి, సాగగొట్టి బతికినవారు. బిందెలు, గంగాళాలు, చెంబులు వారి నిత్యపు పని. అయితే ఆ ఇంటికి పేరు తెచ్చింది మరొకటి. నిజాం కాలంలో కచేరీల ముందు నిలబడే బంట్రోతులు డవాలీ అనే పట్టీని వేసుకునేవారు. దాని మీద మెరిసే ఇత్తడి బిళ్లలను చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ హన్మాండ్లు తాత చేసి ఇచ్చేవాడట. ముందుగా బల్లపరుపు రేకు మీద నమూనా గీసి, కోసి, చెక్కుతారు. ఆ తరువాత దాన్ని ధరించబోయే మనిషిని ఎదుట నిలబెట్టి, అతని ఒంటి వంపును బట్టి బిళ్లను వంచుతారు. వంపును మాత్రం నమూనాలో ఎన్నడూ గీయరు.

"వంపు బొమ్మది గాదు సార్, మనిషిది. మనిషి రాకముందు ఎట్ల గీస్తం?" అని హన్మాండ్లు ఒకసారి నాతోనే అన్నాడు.

స్టీలు సామాను వచ్చాక ఇత్తడి బిందె పెళ్లి సారెకు మాత్రమే మిగిలింది. తరువాత అక్కడా మిగల్లేదు. తండ్రి పోయేనాటికి ఇంట్లో కొలిమి వెలగడం అరుదైపోయింది. ఎనభైల నడుమ హన్మాండ్లు రియాద్ చేరాడు. ఆసుపత్రుల భవనాల నిర్వహణ చూసే ఒక కంపెనీలో రాగి గొట్టాలు అతికే పని దొరికింది. నేను అదే కంపెనీలో కాంట్రాక్టుల విభాగం చూసేవాణ్ణి. అతని భార్య ముత్తవ్వ ఊళ్లోనే ఉండి బీడీలు చుట్టేది. కొలిమి ఉన్న కొట్టాన్ని కొంటామని ఎందరు వచ్చినా ఆమె ఇవ్వలేదు. భర్త తిరిగి వచ్చి అందులో కూర్చుంటాడని ఆమె నమ్మకం. అతని నమ్మకం కూడా అదే.

"గల్ఫుకు పోయినోడు ఇంటికొచ్చి ఏం జేస్తడు సార్? కిరాణం పెడ్తడు, ఆటో గొంటడు. నేనట్ల పోను. పోతే కంచరోనిగనే పోత" అనేవాడు.

అతనికి కావలసింది అదొక్కటే. ఇంటికి వెళ్లాలి, వెళ్లి కొలిమి ముందు కూర్చోవాలి. అందుకు ఎవరో ఒకరు కొనే వస్తువు కావాలి. జగిత్యాలలో ఆ వస్తువు లేదు. అది దొరికే దారి యుద్ధం వల్ల తెరుచుకుంది.

తొంభై ఒకటి జనవరిలో రియాద్ మీద స్కడ్ క్షిపణులు పడడం మొదలైంది. మా కంపెనీ తెల్లవాళ్లకు ముందుగానూ, మిగతావారికి కొంత ఆలస్యంగానూ గ్యాస్ మాస్కులు పంచింది. మా వర్క్‌షాపు అధిపతి ప్రిచర్డ్ అనే వేల్స్ దేశస్థుడు. నిదానస్థుడు, మాట మీద నిలబడేవాడు. ఒకనాటి సైరన్ హడావిడిలో అతని మాస్కు పట్టీకి ఉండే కొక్కెం విరిగిపోయింది. మర్నాడు ఉదయం హన్మాండ్లు ఒక ఇత్తడి ముక్క నుంచి కొత్త కొక్కెం కోసి, అంచులు అరగదీసి, తల వెనుక ఎముకకు ఆనేలా కొద్దిగా వంచి బిగించాడు. ప్రిచర్డ్ దాన్ని తీసి, లోపలివైపు తిప్పి చూశాడట. కనబడని వైపు కూడా కనబడే వైపంత శుభ్రంగా ఉందని, తలకు పెట్టుకుంటే ఉన్నట్టే తెలియడం లేదని నా గదికి వచ్చి మరీ చెప్పాడు. ఆ వంపును అంతగా మెచ్చుకున్నవాడు అతనే. ఈ విషయం గుర్తు పెట్టుకోదగినది.

ప్రిచర్డ్‌కు స్వదేశంలో ఒక వ్యాపకం ఉంది. అక్కడ కొందరు ఒక సంఘంగా ఏర్పడి, రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ సిపాయిల వేషం వేసుకొని పాత కోటల దగ్గర కవాతు చేస్తారు. మన నాటకాల వాళ్లలా అట్టకు రంగు కాగితం అంటించి సరిపెట్టుకోరు. చెప్పులోని మేకు మొదలు తలమీది శిరస్త్రాణం దాకా ప్రతిదీ తవ్వకాల్లో దొరికిన వస్తువుకు నకలుగా ఉండాలి. ఏ వస్తువుకైనా "ఇది ఎక్కడ దొరికింది?" అని అడిగే పరిశీలకులు ఆ సంఘంలో ఉంటారు. జవాబు చెప్పలేకపోతే ఆ వస్తువుతో కవాతులోకి రానివ్వరు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

రోమన్ సిపాయికి నడుము పట్టీయే గుర్తింపు. సన్నటి తోలు పట్టీ మీద వరుసగా ఇత్తడి బిళ్లలు, ఒక చివర మడతబందు మీద తిరిగే బకిల్, బాకు వేలాడదీయడానికి గుండ్రటి బొడిపెలున్న రెండు బిళ్లలు, ముందువైపు వేలాడే పట్టీలు. ఆ బిళ్లల్లో కొన్నిటికి కళాయి పూసేవారు. కొన్నిటి మీద చెక్కిన గీతల్లో నల్లటి మందు నింపేవారు. వెండి, రాగి గంధకంతో కలిపి కరిగిస్తే గాజులాంటి ఆ నల్ల మందు వస్తుంది. సంఘంలోని వారికి ఇవన్నీ సరిగా చేసి ఇచ్చే మనిషి దొరకడం లేదు. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు ప్రిచర్డ్ సెలవు నుంచి తిరిగి వస్తూ, తవ్వకాల నివేదికల నుంచి తీసిన బొమ్మల నకళ్లు పట్టుకొచ్చాడు.

హన్మాండ్లు వాటిని చూసి నవ్వాడు.

"ఇవి మా తాత డవాలీ బిళ్లలే సార్! దొరలు మారిండ్రు గంతే."

ప్రిచర్డ్ అన్న మాట నేను స్వయంగా అనువదించి చెప్పాను కనుక అది నాకు తెలుసు. మొదట మూడు పట్టీలకు సరిపడే సామాను చెయ్యాలి. పరిశీలకులు ఒప్పుకుంటే సంఘంలోని వారంతా అతని దగ్గరే చేయించుకుంటారు, ఇతర సంఘాలకు కూడా ఆ మాట పాకుతుంది, అప్పుడు ఎక్కడ కూర్చొని చేసినా ఫరవాలేదు, పార్సిల్ వస్తే చాలు. "ఒప్పుకుంటే" అన్న షరతును నేను రెండుసార్లు నొక్కి చెప్పాను. హన్మాండ్లుకు వినబడింది మాత్రం "ఎక్కడ కూర్చొని చేసినా" అన్నదే.

"జగిత్యాలలకెల్లి బిలాతుకు పార్సిల్ పోతదా సార్?"

"పోతుంది."

"అయితే ఇగ ఇఖామా మళ్లొకసారి రాయియ్య. గీసారి ఫైనల్ ఎగ్జిటే" అన్నాడు. ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే పత్రం, ఫైనల్ ఎగ్జిట్ అంటే మళ్లీ తిరిగి రాకుండా వెళ్లిపోవడం. ఆ సాయంత్రమే ముత్తవ్వకు క్యాసెట్ రికార్డు చేసి, ఊరికి వెళ్లేవాడి చేతికిచ్చి పంపాడు. ఫోను ఖరీదైన ఆ రోజుల్లో అక్కడి మనుషుల మాటలన్నీ క్యాసెట్లలోనే తిరిగేవి.

పని వేళలు అయ్యాక వర్క్‌షాపు బల్ల వాడుకోవడానికి ప్రిచర్డ్ అనుమతి తెచ్చాడు. తోలు, తగరం, గంధకం రియాద్‌లోని మలాజ్ పేటలో ఉన్న మహబూబ్ సుభాని దుకాణం నుంచి వచ్చేవి. సుభాని రాయచోటి వాడు. ఒక సౌదీ యజమాని పేరిట షీల్డులు, నేమ్‌ప్లేట్లు చెక్కే కొట్టు నడిపేవాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక సామాను తెచ్చి, హన్మాండ్లును ఆటపట్టిస్తూ సాయంత్రం దాకా కూర్చునేవాడు. నేనూ అప్పుడప్పుడు వెళ్లేవాణ్ణి.

హన్మాండ్లు పనితనం గురించి అతిశయోక్తి లేకుండా చెబుతాను. ఇసుక అచ్చులో పోసిన బిళ్లలు మొదట గరుకుగా వచ్చాయి. మైనపు అచ్చుకు మారాక కుదిరాయి. నల్ల మందు మొదటి రెండు విడతలూ బుడగలు వచ్చి పాడైపోయింది. మూడో విడతకు గంధకం పాలు మార్చి సాధించాడు. బకిల్ మడతబందుకు స్టీలు పిన్ను వేస్తే ప్రిచర్డ్ తీయించాడు. ఇనుప తీగ వేయించాడు. లేత్ మీద గుండ్రటి గీతలు తిప్పుతానంటే, మిషను గుర్తు కనబడితే ఒప్పుకోరని వారించాడు. ఇవన్నీ హన్మాండ్లు గొణుగుడు లేకుండా దిద్దుకున్నాడు. అతను మొండివాడే అయినా చెప్పిన మాట వినని మనిషి కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక అసలు సంగతి. తవ్వకాల బొమ్మల్లో ఒక సంప్రదాయం ఉంది. బిళ్ల ముఖాన్ని ఎదుటి నుంచి గీసి, దాని పక్కన సన్నటి నల్ల గీత ఒకటి గీస్తారు. అది బిళ్లను అడ్డంగా కోస్తే కనబడే రూపం. గీత తిన్నగా ఉంటే బిళ్ల బల్లపరుపని అర్థం. ఆ గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. హన్మాండ్లు ఆ గీతను చూశాడు, అది పక్క రూపమని కూడా అర్థం చేసుకున్నాడు. కానీ అతని ఇంటి పద్ధతిలో నమూనా అంటే వంచకముందు రేకు. కనుక ఆ తిన్నటి గీత అతనికి వింతగా తోచలేదు. ఆ తరువాతి వంపు పనివాడి బాధ్యత. బొమ్మ గీసినవాడు దాన్ని అతనికి వదిలేశాడని అనుకున్నాడు.

ప్రిచర్డ్ ఆ గీత గురించి చెప్పానని తరువాత అన్నాడు. హన్మాండ్లు చెప్పలేదని అన్నాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. తిన్నగా ఉంది చూడమని ప్రిచర్డ్ చూపించే ఉంటాడు, తిన్నగానే ఉందని హన్మాండ్లు తల ఊపే ఉంటాడు. ఇంతకుమించి నేను తేల్చలేను.

బిళ్లలు వంచే నాటికి ప్రిచర్డ్ ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న యాన్బులో వేరే పని మీద ఉన్నాడు. ఆ శుక్రవారం జరిగినది సుభాని నాకు ఎన్నోసార్లు అభినయించి చూపాడు. నడుము కొలత కోసం హన్మాండ్లు అతణ్ణే బల్ల పక్కన నిలబెట్టి, తడి తోలు పట్టీ చుట్టాడట.

"ఏమన్నా, రోము రాజుకు వడ్డాణం చేస్తాండావా? నాకు చీర గూడా కట్టిస్తావా యేమి?"

"కదలకు. పొట్ట లోపలికి గుంజకు. బిర్యానీ తిన్నోని లెక్క నిలబడు."

"తిన్నోని మాదిరి నిలబడల్లంటే ముందు తినిపీయల్ల గదన్నా!"

"పని గానియ్యి, తినిపిస్త."

"అయినా ఆ దొర పట్టీకి దొర నడుము కొలవాల గానీ నాదెందుకు?"

"దొర నడుముకు చెయ్యేస్తమా? సిపాయంటె కడుపు లోపలికుంటది. నీది గట్లనే ఉన్నది."

"రాయచోటి నడుము రోము సిపాయికా! గోరీల్లో వాళ్ల ఎముకలు నగుతాంటాయి పో."

ఆ నడుము కొలతకు ఒక చెక్క దిమ్మె చెక్కి, దాని మీద ఒక్కొక్క బిళ్లనూ కొయ్య సుత్తితో మెల్లగా వంచాడు. నల్ల మందు గాజులాంటిది, నింపాక వంచితే పగిలిపోతుంది. అందుకని వంచిన తరువాతే నింపాడు. చివరకు తోలుకు రివిట్లతో బిగించి, మూడు పట్టీలనూ అదే కొలత దిమ్మెలకు చుట్టి ఉంచాడు. ప్రిచర్డ్ యాన్బు నుంచి వచ్చి సెలవు మీద బయలుదేరే హడావిడిలో వాటిని చూసినప్పుడు, చుట్టి ఉన్న పట్టీ మీద బిళ్లలు గుండ్రంగా కనబడడంలో అతనికి అనుమానం కలగలేదు. నాకూ కలగలేదు. అంత అందమైన లోహపు పనిని ఒక మనిషి చేతిలో నేను అంతకుముందు చూడలేదు.

ఆ వేసవిలోనే ముత్తవ్వ క్యాసెట్ వచ్చింది. వర్క్‌షాపులో టేప్‌రికార్డర్ పెట్టి అతను నాకూ సుభానికీ వినిపించాడు. వెనుక ఎక్కడో మేకలు అరుస్తుండగా ఆమె గొంతు గట్టిగా, ఒక ఊరికి వినబడేలా వచ్చింది.

"ఇగో, ఇంటున్నవా? కొట్టం కప్పు ఏపిచ్చిన. కొలిమి అలికిన. తిత్తికి ఎలకలు గొరికినయి, కొత్త తోలేపిచ్చిన. బొగ్గులాయినకు జెప్పి పెట్టిన. బీడీల కార్ఖానల అడుగుతున్నరు, నీ మొగడు ఏం జేస్తడే అని. రోము రాజ్యానికి పట్టీలు జేస్తడు అన్న. నవ్విండ్రు. నవ్వనియ్యి. నువ్వు జప్పన వస్తె సాలు."

హన్మాండ్లు ఆ చివరి భాగాన్ని వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు.

ప్రిచర్డ్ సెలవు నుంచి తిరిగొచ్చి, పట్టీలను బల్ల మీద పెట్టి, తాను హిందీ ముక్కల్లో చెప్పడం మర్యాద కాదని నన్ను పిలిపించాడు. సుభాని కూడా అక్కడే ఉన్నాడు. పరిశీలకులు బకిల్‌ను, కళాయిని, నల్ల మందును చూసి, తమ దేశంలో ఇంతకన్నా మంచి పని చూడలేదన్నారట. ఆ తరువాత ఒకరు పట్టీని చాపి బల్ల మీద పరిచారట. బిళ్లలు బోర్లించిన దోనెల్లా నిలబడ్డాయి. లావాటి మనిషి నడుముకు పెట్టి చూశారు. బిళ్లల అంచులు తోలులోకి దిగబడ్డాయి. ఇప్పటిదాకా దొరికిన బిళ్లలన్నీ బల్లపరుపువే, వంచినదానికి ఆధారం ఉంటే చూపించమన్నారు. ప్రిచర్డ్ దగ్గర ఆధారం లేదు.

నేను ఇదంతా చెప్పాను. హన్మాండ్లు ఒక పట్టీని తీసుకొని కాసేపు చేతిలో తిప్పాడు.

"ఆ సిపాయిలకు నడుములు లేకుండెనా సార్?"

"ఉన్నాయి. కానీ పట్టీ తోలుది, అదే వంగుతుంది. బిళ్లలు చిన్నవి."

"చిన్నదానికి చిన్న వంపు. నేను పెద్ద వంపు పెట్టలే గదా."

"దొరికినవాటిలో చిన్న వంపు కూడా లేదట, హన్మాండ్లూ."

"మట్టిల రెండువేలేండ్లు పడున్న బిళ్ల మీద ఇండ్లు గట్టిండ్రు, నాగండ్లు దున్నిండ్రు. సాపుగ కాకేమైతది?"

ఇది కొట్టిపారేయదగిన వాదం కాదు. నేను దాన్ని ప్రిచర్డ్‌కు యథాతథంగా వినిపించాను. అతను శ్రద్ధగా విని, మట్టి బరువుకు ఒకటీ అరా సాపవుతాయి గానీ, నీటి అడుగున మెత్తటి బురదలో చెక్కుచెదరకుండా దొరికినవి కూడా అలాగే ఉన్నాయని చెప్పాడు. తరువాతి సంవత్సరాల్లో లండన్ వెళ్లినప్పుడు మ్యూజియం అద్దాల వెనుక అటువంటి బిళ్లలను నేను చూశాను. పక్కకు వంగి మరీ చూశాను. ప్రిచర్డ్ చెప్పింది నిజం.

హన్మాండ్లు పట్టీ నుంచి ఒక బిళ్ల విప్పి, దాగలి మీద బోర్లించి, గుడ్డ కప్పి, కొయ్య సుత్తితో ఒక దెబ్బ వేశాడు. తిప్పి చూస్తే చెక్కిన తీగల్లోని నల్ల మందు పెళ్లలు పెళ్లలుగా ఊడి బల్ల మీద రాలింది.

ప్రిచర్డ్ అప్పుడు తన ప్రతిపాదన చెప్పాడు. క్రిస్మస్ లోపల సంఘం సమావేశం ఉంది. బల్లపరుపు బిళ్లలతో ఒక్క పట్టీ చేసి ఇస్తే అతను దాన్ని మళ్లీ పెడతాడు. యూరప్ నుంచే మరొకాయన కూడా నమూనాలు పంపాడు గానీ, అతని పని దీనికి సాటి రాదు. అచ్చులు ఉన్నాయి, చెయ్యి తిరిగింది, వ్యవధి చాలు.

"చెయ్యను అని చెప్పు సార్."

"ఆలోచించుకొని చెప్పు."

"ఆలోచించేదేమున్నది? ఒంటి మీద పెట్టేది ఒళ్లు జూసి వంచాలె. వంచకపోతే అది బిళ్ల గాదు, రేకు. రేకు మిషను కొడ్తది. నేనెందుకు?"

సుభాని ఆగలేకపోయాడు. "అన్నా, నీకు బుద్ధుందా? వాళ్లు పలక మాదిరి ఉండల్లంటాండారు, పలక మాదిరి చెయ్! వాళ్ల నడుము, వాళ్ల నొప్పి. నీకేం పోతాదప్పా?"

"మా నాయిన ఉంటే గీ మాటకు సుత్తి ఇసిరేటోడు."

"మీ నాయన లేడు గదన్నా! వదినె ఉంది. కొలిమి అలికి కుచ్చోనుంది."

ఆ మాటకు హన్మాండ్లు ముఖం మాడిపోయింది. పట్టీ బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకొని వెళ్లిపోయాడు.

నేను ఇక్కడ ఒక అభిప్రాయం చెప్పక తప్పదు. మొదటి పొరపాటుకు హన్మాండ్లును తప్పుపట్టడానికి వీల్లేదు. అది ఒక ఇంటి పద్ధతికి, మరొక దేశపు పద్ధతికి మధ్య జరిగింది. రెండోసారి కాదన్నది మాత్రం పూర్తిగా అతని నిర్ణయం. అది తప్పు. ప్రాచీన వస్తువుకు నకలు చేయడానికి ఒప్పుకున్నవాడు తన తాత రుచిని అందులోకి తీసుకురాకూడదు. పిన్ను విషయంలో, లేత్ విషయంలో అతను ఈ నియమాన్ని గ్రహించినవాడే. వంపు దగ్గరికి వచ్చేసరికి గ్రహించడానికి ఇష్టపడలేదు. బహుశా మిగతావన్నీ నేర్చుకున్న పనులు, ఇది పుట్టుకతో వచ్చిన పని కావచ్చు. అతని మనసులో ఏముందో నాకు తెలియదు, ఊహించి రాయను. తరువాతి వారాల్లో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే జవాబు. మూడోసారి అడగడం బలవంతమవుతుందనిపించి ఊరుకున్నాను.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక ఉదయం అతను నా గది గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గుడ్డ మడత. విప్పితే పొడవాటి తోలు పట్టీ, దాని మీద బిళ్లలు. బల్ల మీద పరిచాడు. గాజు పలకలా చదునుగా పరుచుకుంది. నల్ల తీగల్లో వెంట్రుకవాసి బీట కూడా లేదు.

"సాపుగనే జేసిన. దొరకు జెప్పుండ్రి."

ఎందుకు మెత్తబడ్డాడో, ఎప్పుడు మొదలుపెట్టాడో నేను అడగలేదు. ఇద్దరం ప్రిచర్డ్ దగ్గరికి వెళ్లాం. అతను పట్టీని చాలాసేపు చూశాడు. ఆ తరువాత మా ముందే స్వదేశానికి ఫోను కలిపి మాట్లాడాడు. సంఘం సమావేశం అయిపోయింది. పని రెండో వ్యక్తికి ఇచ్చేశారు, బయానా కూడా వెళ్లిపోయింది. అతని బిళ్లలు ఇంత బాగా లేవు, నిజమే. కానీ బల్లపరుపుగా ఉన్నాయి, సమయానికి వచ్చాయి. మాట ఇచ్చినవారు వెనక్కి తీసుకోరు. ప్రిచర్డ్ ఫోను పెట్టేసి తల వంచుకున్నాడు. హన్మాండ్లు నా అనువాదం కోసం ఎదురుచూడలేదు.

"కాలేదు గదా?" అన్నాడు.

"కాలేదు."

"మంచిది" అని పట్టీని మడిచి ప్రిచర్డ్ చేతిలోనే పెట్టి, డ్యూటీకి ఆలస్యమవుతుందని వెళ్లిపోయాడు. దాని వెల ఇవ్వడానికి ప్రిచర్డ్ ఎంత ప్రయత్నించినా తీసుకోలేదు. మరుసటి ఏడు ప్రిచర్డ్ కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయాడు.

హన్మాండ్లు ఇఖామా రాయించుకున్నాడు. ముత్తవ్వకు క్యాసెట్‌లో ఏం చెప్పాడో నాకు తెలియదు. సుభాని చెప్పిన ప్రకారం, కొట్టం అడిగినవాళ్లకు ఇచ్చెయ్యమని మాత్రం చెప్పాడట. ఆమె మరో రెండేళ్లు ఇవ్వలేదు. ఆ తరువాత ఇచ్చింది. తిత్తిని, దాగలిని పాత సామాను వాడు తూకానికి తీసుకుపోయాడు. కొట్టంలో తునికాకు కట్టలు నింపారు. ఆమె బీడీలు చుట్టే ఆకు ఆ కొట్టంలో నుంచే వచ్చేదని హన్మాండ్లు తరువాత ఎప్పుడో, వేరే మాటల మధ్యలో అన్నాడు.

తొంభైల చివర ఒక ఒప్పందం తనిఖీకి నేను యాన్బు వెళ్లాను. అప్పటికి అతను అక్కడి ప్లాంటులో ఆవిరి గొట్టాలకు అల్యూమినియం రేకు తొడిగే పనిలో ఉన్నాడు. రేకును రోలరులో పెట్టి గొట్టం కొలతకు వంచి, చుట్టి, స్క్రూలు బిగించడం ఆ పని. కళ్లకు మందపాటి అద్దాలు వచ్చాయి. మధ్యాహ్నం భోజనం వేళ గొట్టాల నీడలో ఇద్దరం కూర్చున్నాం. ఊరి కబుర్లు, సుభాని కూతురి పెళ్లి, నా ఆరోగ్యం అన్నీ అయ్యాక, నీళ్ల సీసా మూత బిగిస్తూ అడిగాడు.

"సార్, ఆ పట్టీలు ఇప్పుడెవరు జేస్తున్నరు?"

ప్రిచర్డ్ పండగలకు కార్డు పంపేవాడు కనుక నాకు తెలుసు. "యూరప్ ఆయన మానేశాడట. ఇప్పుడు మన దేశం నుంచే వెళ్తున్నాయి. ఉత్తరాదిలో ఎక్కడో చేస్తున్నారట."

"మనోళ్లేనా!" అని నవ్వాడు. సీసా పక్కన పెట్టి, "మంచిగ జేస్తున్నరా?" అన్నాడు.

"పోత పని అంత బాగుండదట. కొలతలు మాత్రం సరిపోతున్నాయి."

"సాపుగనేనా?"

"సాపుగానే."

"పెట్టుకునేటోళ్లకు గుచ్చుకుంటలేవటనా?"

"ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు."

అతను తల ఊపాడు. దూరంగా ఫోర్‌మన్ విజిల్ వేశాడు. హన్మాండ్లు లేచి, మోకాళ్ల మీది ఇసుక దులుపుకొని, హెల్మెట్ పెట్టుకున్నాడు.

"మొదటిసారి అడిగిన్నాడే జేసియ్యాల్సింది సార్. ఒక్క పట్టీ. నాకేం పోతుండె?"

ఇంతకాలం నేను అనుకుంటూ వచ్చింది అదే. అతని నోటి నుంచి విన్నాక మాత్రం, అది నిజమే అని అనలేకపోయాను. అప్పటికే అతను వెనుదిరిగాడు. రోలరు దగ్గరికి వెళ్లి, కొత్త రేకు ఎత్తి, అంచు ముందుకు తోశాడు.